మోటారుకు కట్టిన రవిక పేలిక

ఆ కంపెనీ పేరు నేను రాయను. భయపడి కాదు, ఈ వయసులో నన్ను ఎవడేం చేస్తాడు? ఆ పేరు నోటికి వచ్చినప్పుడల్లా మా అక్క పక్కకు తిరిగి ఉమ్మేది. మా ఇంట్లో ఉమ్మకుండా ఆ పేరు పలికే అలవాటు ఎవరికీ లేదు. కాగితం మీద ఉమ్మలేను కాబట్టి పేరు వదిలేస్తున్నాను.

అది మందుల కంపెనీ. జ్వరానికీ నొప్పులకూ మనం మింగే గోలీల్లో కలిపే పొడి అక్కడ తయారయ్యేది. కొత్తకోట దగ్గర పెద్ద రోడ్డు దిగి మట్టిబాటన పోతే, వాగుకు ఎగువన ఎత్తైన గోడ కట్టుకుని కూర్చుంది. దిగువన మా అక్క అత్తగారి ఊరు. ఊరి జ్వరాలు తగ్గించే పొడి కోసం ఆ ఊరికే జ్వరం తెప్పించిన ఘనత వాళ్ళది.

మా నాయిన జీతగాడు. ఆయన నాయిన కూడా జీతగాడే. పొద్దున లేస్తే ఇంకొకరి ఎడ్లు, ఇంకొకరి చేను. మా ఇంటి మనుషుల్లో ‘మా చేను’ అనే మాట మొదటిసారి పలికింది అక్క. సర్కారు ఆమెకూ బావకూ వాగు ఒడ్డున ఒక భూమి చెక్కకు పట్టా ఇచ్చింది. రాళ్ళూ తుమ్మ చెట్లూ తప్ప అందులో ఏమీ లేదు. ఇద్దరూ గడ్డపారలతో బావి తవ్వుకున్నారు. నీళ్ళు పడిన ఆదివారం పాస్టరు వచ్చి బావి గట్టు మీద ప్రార్థన చేశాడు. అక్క మొదటి బిందె తీసుకుపోయి చర్చి అరుగు కడిగింది. వరి కోసినప్పుడు మాకొక సంచి పంపి, ‘కొన్న బియ్యం కాదు, జర నెమ్మదిగ తినుండ్రి’ అని కబురు చెప్పింది. అమ్మ ఆ అన్నం తింటూ ఏడ్చింది.

తొంభైల మొదట్లో కంపెనీ వచ్చింది. రెండో వానాకాలానికల్లా వాగులో నీళ్ళు కుంకుడు రసంలా నురగ కక్కడం మొదలుపెట్టాయి. రంగు ఒకరోజు బెల్లం పాకం, ఒకరోజు ఆకుపచ్చ. ఆ నీళ్ళు తాగి అక్క బర్రె కాళ్ళు ఈడ్చుకుంటూ పోయి పడ్డది, మళ్ళీ లేవలేదు. తర్వాత ఆ నీళ్ళ ఊటే బావిలోకి దిగింది. నారుమడి పచ్చగా లేచి, కంకి వేయాల్సిన పైరు ఎండుగడ్డి రంగుకు తిరిగింది. బావిలో దిగితే మోకాళ్ళ కింద దురద, దద్దుర్లు. అక్క కలెక్టరాఫీసుకు పోయింది, మండలానికి పోయింది, చెప్పులు అరిగేదాకా తిరిగింది. దేవుడు వరమిచ్చినా పూజారి ఇవ్వడంటారు, ఇక్కడ దేవుడే ఇవ్వలేదు.

కంపెనీ మేనేజరు నవ్వుతూ ఒక్కటే చెప్పేవాడు. ‘మా దగ్గర నీళ్ళు శుద్ధి చేసే ప్లాంటు ఉందమ్మా. రాత్రింబవళ్ళు నడుస్తూనే ఉంటుంది. మీ వాగులో మురికి మీ ఊరిదే.’ పుస్తకంలో ఉన్నట్టు మాట్లాడేవాడు. ఆ మెత్తదనం చూస్తే నాకు చెంప పగలగొట్టబుద్ధయ్యేది. పట్నం నుంచి తనిఖీ అధికారి వచ్చిన ప్రతిసారీ ఆ ప్లాంటు దగ్గర కరెంటు పోయేది. జీడిపప్పు తిని, చాయ తాగి, ‘కరెంటు రాగానే నడుస్తుంది’ అన్న మాట మీద సంతకం పెట్టి ఆయన జీపెక్కేవాడు. పక్క షెడ్డులో మాత్రం మిషన్లు రయ్యిమని నడుస్తూనే ఉండేవి. ఆ మనిషికి చెవులు లేవా అని అక్క అడిగేది. చెవులు ఉన్నాయి, వాటి కింద మెడ మాత్రం ఆయనది కాదు, ఎవరు ఎటు తిప్పితే అటు తిరిగేది.

నేను అప్పుడు కొత్తకోటలో వీడియోలు తీసేవాణ్ణి. కెమెరా నాది కాదు, స్టూడియో నడిపే చాచాది. ఆయన బామ్మర్ది సౌదీ నుంచి తెచ్చిన పెద్ద వీహెచ్ఎస్ కెమెరా, భుజం మీద పెట్టుకుంటే మేకపిల్లను మోసినట్టుండేది. మా ఇలాకాలో ఏ పెళ్ళి జరిగినా, ఎల్లమ్మ పండుగ అయినా, ఎవరి కొడుకు దుబాయి నుంచి వచ్చినా మేమే తీయాలి. కంపెనీ సేటు హైదరాబాదులో ఉండేవాడు. ఏటా దసరాకు ఫ్యాక్టరీలో జరిగే ఆయుధపూజ ఇంట్లో కూర్చుని చూడాలని ఆయనకు సరదా. ఆ బేరం చాచాకు వచ్చింది.

‘నేను పోను’ అన్నాను.

చాచా తలెత్తకుండా లెన్సు తుడుస్తూ, ‘పోకుంటే ఏమైతది బేటా? ఇంకోడు పోతడు. నీ కోపం గేటు బయట పెట్టి పో’ అన్నాడు.

పోయాను. కోపం మాత్రం బయట పెట్టలేదు, లోపలికే తీసుకుపోయాను. అక్కకు తెలిసి వారం రోజులు నాతో మాట్లాడలేదు. మాట్లాడిన రోజు అడిగిన మొదటి మాట, ‘వాళ్ళ ప్రసాదం మంచిగున్నదారా?’

ఆ పూజ తీరు చెప్పాలి. మిషన్లన్నిటినీ కడిగి, పసుపు రాసి, కుంకుమ బొట్లు పెట్టి, బంతిపూల దండలు వేసేవారు. ఆ రోజు ఒక్క మిషనూ నడవదు. పూజారి ఒక్కో మిషను దగ్గరికి వచ్చి, తిరిగే భాగానికీ కదలని భాగానికీ కలిపి ఎర్రదారం కట్టి, నిమ్మకాయ వేలాడదీసేవాడు. దాన్ని చేత్తో తెంపకూడదట. మర్నాడు మిషను నడిపించగానే దారం దానంతట అదే తెగిపోవాలి, అలా తెగితే ఏడాదంతా పని ఆగదు. కూలీ నుంచి మేనేజరు దాకా అందరికీ ఆ భయభక్తులు ఉండేవి. మేనేజరుకు మరీ ఎక్కువ. మనుషుల బావుల్లో విషం కలపడానికి లేని పాపభీతి, దారం తెంపడానికి మాత్రం ఉండేది.

మొదటి ఏడు మేనేజరు నా వెనకే తిరిగాడు. ‘ఒక్క మిషనూ వదలకూడదు. సేటుగారికి అన్నీ కనపడాలి. దగ్గరికి తీయి, ఇంకా దగ్గరికి.’ తీశాను. అన్నీ అయినాక, అన్నిటికంటే చివర, గోడ మూలన ఉన్న శుద్ధి ప్లాంటుకు వచ్చాం. అప్పటికి పూజారి చేతిలో దారం ఉండ అయిపోయింది. మళ్ళీ తెప్పిద్దామంటే మేనేజరుకు భోజనాల తొందర. ‘ఏదో ఒకటి కట్టవయ్యా’ అన్నాడు. పూజారి తాంబూలం పళ్ళెంలో ఉన్న రవిక గుడ్డ తీసి, అంచు పళ్ళతో చింపాడు. చిలకపచ్చ గుడ్డకు పసుపు అంచు. ఆ పేలికను మోటారు ఇరుసు చుట్టూ తిప్పి, కింద ఇనుప కాలుకు గట్టిగా ముడివేశాడు. కెమెరా నడుస్తూనే ఉంది. సేటుకు దగ్గరగా కనపడాలి కదా.

మరుసటి దసరాకు మళ్ళీ పిలిచారు. ఈలోగా అక్క ఆ బావి నీళ్ళు పొలానికి పెట్టడం మానేసి వాన మీద జొన్న వేసింది. దళారీలు వచ్చి, ‘ఎట్లైన పండది గద, కంపెనీకి రాసియ్యి’ అంటున్నారు. బావ కూలికి పోతున్నాడు. నేను కెమెరా మోసుకుని అన్ని షెడ్లూ తిరిగి, చివరికి ఆ మూలకు చేరాను. పూజారి ఈసారి రెండు ఉండలు తెచ్చుకున్నాడు. ఎర్రదారం తీసి ఇరుసు చుట్టూ తిప్పుతుంటే, కెమెరా కంటిలో దాని కింద ఇంకేదో కనిపించింది. జూమ్ చేశాను. వెలిసిపోయిన చిలకపచ్చ పేలిక, పసుపు అంచు, అదే ముడి. పక్కన నిమ్మకాయ ఎండి, మేక పెంటికలా నల్లబడింది. ఇరుసుకూ ఇనుప కాలుకూ మధ్య సాలీడు గూడు అల్లింది. మోటారు ఒక్క చుట్టు తిరిగినా ఆ గుడ్డ పీలికలైపోయేది. ఏడాదిగా అది ఒక్క చుట్టూ తిరగలేదు.

కెమెరాను ఆ ముడి మీదే నిలిపాను. మేనేజరు వెనక నుంచి, ‘బాగా దగ్గరికి తీస్తున్నావా?’ అని అడిగాడు.

‘తీస్తున్న సార్’ అన్నాను. అంత మర్యాదగా వాడితో ఎప్పుడూ మాట్లాడలేదు.

స్టూడియోలో చాచా రెండు వీసీఆర్‌లు, రెండు టీవీలు పక్కపక్కన పెట్టాడు. పెళ్ళి క్యాసెట్లలో వధువు తల చుట్టూ పూలు తిప్పడానికి వాడే సరంజామా అది. ఒకదాంట్లో నిరుటి దసరా, ఇంకోదాంట్లో ఈ ఏటి దసరా పెట్టి, రెండింటినీ ఆ ముడి దగ్గర ఆపాడు. ఎడమ వైపు చిలకపచ్చ, కుడి వైపు వెలిసిన చిలకపచ్చ. చాచా కళ్ళద్దాలు తీసి, తుడిచి, మళ్ళీ పెట్టుకున్నాడు.

‘జర సోంచాయించు బేటా. బేరం వాళ్ళది. క్యాసెట్ వాళ్ళది.’

‘బాయి ఎవరిది చాచా?’

ఆయన లేచి, షట్టరు సగం దించి, ఖాళీ క్యాసెట్లు తీశాడు. ‘ఒక్క కాపీ చాలదు. పోతే ఇంకోటి ఉండాలె’ అన్నాడు. కంపెనీ బేరం పోతే చాచా ఇంట్లో ఏమవుతుందో నాకు తెలుసు. అందుకే ఆయన మీద నాకు కోపం రాలేదు, ఆ కాలంలో నాకు కోపం రాని మనుషులు తక్కువ.

అక్క ఊళ్ళో మళ్ళీ దరఖాస్తు పెట్టింది. అధికారిని కంపెనీ ఆఫీసుకు కాకుండా తమ ఊళ్ళోకే రమ్మని ఊరంతా పట్టుబట్టింది. బడి వసారాలో కుర్చీలు వేశారు. అధికారి వచ్చాడు, మేనేజరు వచ్చాడు. కరెంటు పోతుందని తెలుసు కాబట్టి చాచా పెళ్ళిళ్ళ జనరేటరు తెచ్చాడు. నిజంగానే పోయింది. జనరేటరు దగ్గుతూ లేచింది.

ముందుగా మేనేజరును మాట్లాడనిచ్చాం. ‘పోయిన దసరా నుంచి ఈ దసరా దాకా మా ప్లాంటు ఒక్క గంట కూడా ఆగలేదు’ అన్నాడు. నేను రెండు టీవీలూ ఆన్ చేశాను. మొదట ఎవరికీ అర్థం కాలేదు. పూజ చూపిస్తున్నారనుకుని ముందున్న ముసలమ్మ దండం కూడా పెట్టింది. ముడి దగ్గర ఆపగానే, ‘గదే రైక గుడ్డ గదనే!’ అని ఆడవాళ్ళలో ఎవరో అరిచారు. ఆ తర్వాత వసారా అంతా ఒకటే గోల. నవ్వులు, తిట్లు. మేనేజరు నోట్లో పుస్తకం భాష కూడా ఆగిపోయింది.

అధికారి గొంతు సవరించుకున్నాడు. ‘వీడియోలో తారీఖులు ఎట్లంటే అట్ల మార్చొచ్చు. ఇది సాక్ష్యం కింద చెల్లదు.’

అక్క లేచి నిలబడింది. ‘తారీఖు మారుస్తరు సారూ. గుడ్డ ఎట్ల వెలుస్తది? టీవీ వద్దు, పా, మోటరు కాడికే పోదం. నడువు.’

ఊరంతా నడిచింది. జీపెక్కుతానన్న అధికారిని ఎక్కనివ్వలేదు, నడిపించే తీసుకుపోయారు. గేటు దగ్గర వాచ్‌మన్ అడ్డం నిలబడి, ఇంతమందిని చూసి పక్కకు జరిగాడు. మోటారు దగ్గర కొత్త దారం, దాని కింద పాత పేలిక, రెండూ అలాగే ఉన్నాయి. దసరా అయి ఎన్ని రోజులైనా చేత్తో తెంపే ధైర్యం వాళ్ళలో ఎవరికీ లేదు. తెంపి ఉంటే మా క్యాసెట్ ఒక్కటే మిగిలేది, దాన్నీ చెల్లదని పక్కన పడేసేవారు. అధికారి స్విచ్ వేయమన్నాడు. మోటారు గుర్రుమంది, వేడెక్కింది, కాలిన వాసన వచ్చింది, ఇరుసు కదలలేదు. లోపలి నుంచి ఎలుక ఒకటి దూకి పారిపోయింది. నా జీవితంలో నేను అంత హాయిగా ఎప్పుడూ నవ్వలేదు.

కంపెనీకి తాళం పడింది. పేపర్లో వార్త వచ్చింది. దసరా బేరంతో పాటు ఆ పక్క ఊళ్ళ దొరల పెళ్ళిళ్ళు కూడా చాచాకు పోయాయి. అక్క మాత్రం అందరికీ బెల్లం పంచింది.

కొన్ని నెలలకు తాళం తీశారు. కొత్త మేనేజరు వచ్చాడు. కొత్త మోటారు వచ్చింది, అది నిజంగానే తిరిగేది, ఎవరు పోయినా చూపించేవారు. వాగులో నురగ పోయింది. పిల్లలు మళ్ళీ చేపలు పట్టారు. గెలిచామనుకున్నాం. తాళం తీయడానికి ముందు కంపెనీ గోడ లోపలికి బోరు బండి పోయింది, తాగే నీళ్ళకన్నారు. లోపల పనిచేసే కూలీలు గుసగుసగా చెప్పింది వేరు. ఆ బోరులోంచి నీళ్ళు పైకి రావడం లేదు, కంపెనీ మురికి నీళ్ళే పైనుంచి కిందికి పోతున్నాయి. ఒక్క మనిషీ బయటికి వచ్చి చెప్పలేదు, వాళ్ళకూ పిల్లలున్నారు.

అక్క బావిలో నీళ్ళు తేటపడ్డాయి. రంగు లేదు, నురగ లేదు, అడుగున రాయి కనిపించేంత తేట. ఆశపడి వరి నాటింది. అంతకుముందు కంకి దాకా వచ్చి ఎండేది, ఈసారి నాటిన పక్షానికే మాడిపోయింది. అక్క అరచేతుల తోలు ఉల్లిపొరల్లా లేచింది. మళ్ళీ దరఖాస్తు పెట్టింది. మళ్ళీ అదే అధికారి వచ్చాడు. బావిలోకి తొంగిచూసి, ‘ఇంత మంచి నీళ్ళు మా పట్నంలో కూడ దొరకవమ్మా’ అన్నాడు. మట్టి తీసి పరీక్షకు పంపమంటే, రాసుకున్నాడు, పోయాడు. ఆ రాత కూడా బోరులోకే పోయి ఉంటుంది.

బావా అక్కా హైదరాబాదుకు మేస్త్రీ పనికి పోవాలని తేల్చుకున్నారు. పోయే ముందు అక్క నన్ను పిలిపించింది.

‘కెమెరా తెచ్చినవా? నా బాయి తీయి. మాకు భూమి ఉండె అంటే రేపు నా పిల్లలు గూడ నమ్మరు.’

నన్ను నిలబెట్టి ఇంట్లోకి పోయింది, చాలాసేపటికి తల దువ్వుకుని వచ్చింది. బావి గట్టు మీద నిలబడింది. గట్టు రాళ్ళు ఒక్కొక్కటే చూపిస్తూ, ఇది మీ బావ మోసింది, ఇది నేను మోసింది అని చెప్పింది. చేను చుట్టూ నడిచింది. చివరికి బొక్కెనతో నీళ్ళు తోడి, కెమెరా వైపు చూసి, ఏం చేయాలో తెలియక నవ్వి, కింద పారబోసింది. ఇంటికి వచ్చి క్యాసెట్ వేసి చూశాను. ఎంత అందంగా వచ్చిందంటే నాకు ఒళ్ళు మండిపోయింది. తేట నీళ్ళు, ఎండలో మెరిసే బొక్కెన, నవ్వే రైతు మనిషి. ఏ సర్కారు ప్రకటనలోనైనా వాడుకోవచ్చు. విషం ఉన్నట్టు ఎక్కడా లేదు.

ఆ సంగతి నాకే కాదు, ఊళ్ళోవాళ్ళ నోటి నుంచి కంపెనీవాళ్ళకూ తెలిసింది. కొత్త మేనేజరు మనిషి ఒకడు మధ్యాహ్నం పూట స్టూడియోకు వచ్చి కుర్చీలో కూర్చున్నాడు. ‘మీ అక్క బాయి క్యాసెట్ ఉన్నదట గద. ఒక కాపీ ఇయ్యి. బాయి నీళ్ళు తేటగున్నయని పట్నంల సార్లకు జూపిస్తం. ఇయ్యకుంటే ఎట్ల తీసుకోవాల్నో మాకు ఎరికే.’

చాచా నా ముఖం చూశాడు. నేను లోపలికి పోయి క్యాసెట్ తెచ్చి, మూత విప్పి, టేపంతా బయటికి లాగి, వాడి ముందే కత్తెరతో ముక్కలు చేశాను. వాడు లేచి వెళ్ళిపోయాడు. దానికి కాపీ లేదు. అన్నిటికీ కాపీ తీసే చాచా దానికి తీయలేదు, ఇంటి మనుషుల క్యాసెట్ ఎక్కడికి పోతుందిలే అనుకున్నాడు.

క్రిస్మస్‌కు అక్క హైదరాబాదు నుంచి వచ్చింది. సిమెంటుతో చేతులు మళ్ళీ పగిలి ఉన్నాయి. పిల్లలను ముందర కూర్చోబెట్టుకుని, ‘మామా, మా బాయి జూపియ్యవా?’ అని పిల్లల తరఫున అడిగి, ‘వీళ్ళకు జెప్పిన’ అన్నది. నేను జరిగింది చెప్పాను.

‘మంచిపని జేసినవ్’ అన్నది. పిల్లలను ఆడుకోమని బయటికి పంపింది. గోడకు ఆనుకుని కూర్చుంది.

‘గా దినం నేను కొత్త చీర కట్టుకున్న తమ్మీ’ అన్నది.